ఫోను తీగ మీద ఇంటి నంబరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు ఫోన్ చేసినప్పుడు ముందు తప్పించుకుందామనే చూశాను. బడి కట్టడం గురించి, వేపచెట్ల గురించి, మన మాస్టార్ల గురించి నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. "అవి కాదు, మీ పని చరిత్ర రాయండి. మనవాళ్ళ పిల్లల్లో చాలామంది కంప్యూటర్ ఉద్యోగాల్లోనే ఉన్నారు. వాళ్ళు పుట్టకముందు ఇంటర్నెట్ ఎలా ఉండేదో చెప్పండి" అన్నారు. సరే అన్నాను. ఒప్పుకున్నాక తట్టింది, ఆ చరిత్ర నిజాయితీగా రాయాలంటే మన బడిలోనే చదివిన ఒకతనికి నేను పడిన బాకీ కూడా రాయక తప్పదని.

నేను 1983 పదో తరగతి బ్యాచ్. మా రోజుల్లో ఊళ్ళో ఫోన్ అంటే పోస్టాఫీసే. హైదరాబాదుకు ట్రంక్ కాల్ బుక్ చేసి ఆ చెక్క బల్ల మీద గంటల తరబడి కూర్చునేవాళ్ళం. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. లైట్నింగ్ కాల్ ఖర్చు ఎంతంటే, ఎవరైనా అది బుక్ చేశారంటే ఇంట్లో ఏదో జరిగిందనే అనుకునేవాళ్ళు. ఇవతల అరిస్తే అవతల వినపడే ఆ తీగ మీదే పదిహేనేళ్ళ తర్వాత కంప్యూటర్లు మాట్లాడుకుంటాయని, వాటి మధ్య తగవులు తీర్చడమే నా జీవనోపాధి అవుతుందని అప్పుడెవరైనా చెబితే నవ్వేవాణ్ణి.

కంప్యూటర్ల మధ్య మాట సాగాలంటే ప్రతిదానికీ ఒక నంబరు ఉండాలి. దాన్నే ఐపీ అడ్రస్ అంటాం. ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉన్న దాని రూపం 1981 సెప్టెంబరులో ఖరారైంది. 32 బిట్ల సంఖ్య. మనిషి చదువుకునేందుకు నాలుగు ముక్కలు చేసి మధ్య చుక్కలు పెడతారు. అలా మొత్తం 429 కోట్ల నంబర్లు వస్తాయి. అప్పట్లో అది సముద్రమంత అనిపించింది. ఆ రోజుల్లో కంప్యూటరు ఒక గదిలో ఉండేది, ఆ గదిలోనే ఉండిపోయేది. దానికి ఒకసారి నంబరు ఇస్తే శాశ్వతంగా దానిదే.

చిక్కు వచ్చింది ఫోన్ చేసి వచ్చేవాడితో. రాత్రి ఓ అరగంట వచ్చి పోయే కంప్యూటరుకు ఏ నంబరు ఇవ్వాలి? మన హాస్టల్లో ఉన్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కొందరు ఇంటి దగ్గర్నుంచి పేరు చెక్కించిన స్టీలు పళ్ళెం తెచ్చుకునేవాళ్ళు. అది వాళ్ళదే, ఇంకొకరు ముట్టరు. మిగతావాళ్ళకు హాస్టలు పళ్ళేలు. అంచు మీద నంబరు కొట్టి ఉంటుంది. లైన్లో వస్తే ఏది ముందుంటే అది చేతికిస్తారు, తిన్నాక కడిగి పెడితే తర్వాతి బంతివాడికి అదే పళ్ళెం. డయలప్ అంటే ఈ రెండో పద్ధతి. ఆ పళ్ళేల దొంతరనే మా భాషలో అడ్రస్ పూల్ అంటాం.

మొదట్లో ఈ పద్ధతి కూడా లేదు. 1988 జూన్‌లో కాగితం మీదికి వచ్చిన స్లిప్ అనే పాత ఏర్పాటు మరీ అమాయకమైనది. ఫోను తీగ మీద ఒక ప్యాకెట్టు ఎక్కడ ముగిసిందో చెప్పడానికి ఒక గుర్తు, ఆ గుర్తే సమాచారం మధ్యలో వస్తే తప్పించడానికి ఇంకో గుర్తు, అంతే. నీ నంబరు ఇదీ అని చెప్పే దారి అందులో లేదు. ఫోన్ కలిశాక అవతలి యంత్రం తెర మీద "మీ అడ్రస్ ఇది" అని ఒక వాక్యం రాస్తే, దాన్ని చూసి మనిషి తన కంప్యూటర్లో చేత్తో కొట్టాలి. లేదా ఆ వాక్యంలోంచి నంబరు ఏరుకునే చిన్న స్క్రిప్టు రాసుకోవాలి. అవతలివాళ్ళు ఆ వాక్యంలో ఒక మాట మార్చినా స్క్రిప్టు తప్పుదారి పట్టేది.

దీన్ని సరిదిద్దింది పీపీపీ. 1989లో మొదలై, 1994 జూలై నాటికి స్థిరపడింది. ఇందులో రెండు మోడెమ్‌లు కలిశాక మాట మూడు మెట్లుగా సాగుతుంది. ముందు తీగ గురించి: ఎంత పెద్ద ప్యాకెట్టు పంపుకుందాం, ఏ తీరున పంపుకుందాం అని. తర్వాత నువ్వెవరు, పాస్‌వర్డ్ ఏది అని. మూడోదే మన కథకు సంబంధించింది. దాని పేరు ఐపీసీపీ, 1992 మే నాటిది. ఇది అచ్చం మర్యాదస్తుల బేరంలా ఉంటుంది. ఫోన్ చేసినవాడు "నా నంబరు 0.0.0.0 అనుకుంటున్నాను" అంటాడు. నాకేమీ లేదు, మీరే ఇవ్వండి అని దానర్థం. సర్వర్ "అది కాదు, 192.168.1.203 అను" అంటుంది. వీడు "సరే, నా నంబరు 192.168.1.203" అంటాడు. సర్వర్ "ఒప్పుకున్నాను" అంటుంది. ఇటువైపు నుంచి సర్వర్ కూడా తన నంబరు చెప్పి ఒప్పించుకుంటుంది. రెండు వైపులా ఒప్పుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని.

ఇక్కడొక మాట చెప్పాలి, ఎందుకంటే నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళలో చాలామంది ఇక్కడే తడబడేవాళ్ళు. ఆఫీసు గదిలో తీగతో కలిపిన కంప్యూటరుకు నంబరిచ్చేది డీహెచ్‌సీపీ. ఫోన్ మీద వచ్చినవాడికి ఇచ్చేది ఐపీసీపీ. రెండూ ఒకటి కాదు. విండోస్ ఎన్‌టీ 4.0లో ఫోన్లు తీసే భాగం, దాని పేరు రాస్, కావాలంటే డీహెచ్‌సీపీ దగ్గర నంబర్లు తెచ్చి పెట్టుకునేది. తనకున్న ఫోన్ పోర్టులెన్నో అన్ని, తనకోసం ఇంకొకటి, మొదలవుతూనే ఒకేసారి తెచ్చుకునేది. డీహెచ్‌సీపీ జాబితాలో ఆ నంబర్లకు ఎదురుగా 52 41 53 20 అని ఏదో అంకెల వరుస కనిపించేది. కొత్తవాళ్ళు దాన్ని చూసి వైరస్ అనుకునేవాళ్ళు. అక్షరాల్లోకి మార్చి చదివితే అది "రాస్" అన్న మాటే, పక్కన ఒక ఖాళీ. తర్వాత వచ్చిన విండోస్ 2000 నంబర్లు పదేసి చొప్పున తెచ్చుకునేది. డీహెచ్‌సీపీ దొరక్కపోతే 169.254తో మొదలయ్యే నంబర్లు తనే అల్లి ఇచ్చేది. ఫోన్ చేసినవాడికి కలిసినట్టే ఉంటుంది, ఏ ఫైలూ కనిపించదు. 169.254 చూశామంటే అవతల నంబరు అడిగే దిక్కు లేదని గుర్తు. డీహెచ్‌సీపీ వద్దనుకుంటే ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా అని నంబర్లు మనమే రాసి ఇవ్వొచ్చు. నేను చేసింది ఈ చివరిది.

మన దేశం సంగతికి వస్తే, విశ్వవిద్యాలయాలకు, పరిశోధన సంస్థలకు ఎర్నెట్ 1986 నుంచే మొదలైంది. మామూలు జనానికి మాత్రం 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ తలుపు తెరిచింది. అప్పట్లో ఖాతాలు రెండు తరగతులు. టీసీపీ/ఐపీ ఖాతా అంటే మీ కంప్యూటరుకే నంబరు వస్తుంది, బొమ్మలతో సహా అన్నీ కనిపిస్తాయి. ఏడాదికి 15,000 రూపాయలు. విద్యార్థులకు 500 రూపాయల షెల్ ఖాతా. ఇందులో మీ కంప్యూటరుకు నంబరే ఉండదు. నంబరున్నది వీఎస్‌ఎన్‌ఎల్ వారి యూనిక్స్ యంత్రానికి. మీది దానికి తగిలించిన ఒక తెర మాత్రమే. పక్కింటి వాకిట్లో నిలబడి వాళ్ళ టీవీ చూసినట్టు. నల్ల తెర మీద అక్షరాలు, పైన్‌లో ఉత్తరాలు, లింక్స్‌లో పేజీలు. ఇప్పటి పిల్లలు జాలిపడతారేమో కానీ, అమెరికాలో ఉన్న మన బ్యాచ్ మిత్రుడి ఉత్తరం ఆ నల్ల తెర మీద మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ షెల్ ఖాతాల మీద కూడా పూర్తి ఇంటర్నెట్ నడపడానికి స్లర్ప్ అని ఒక చిట్కా ప్రోగ్రాం ప్రపంచంలో తిరిగేది. నిజమైన నంబరు లేనివాడికి అది 10.0.2.15 అని ఒక ఉత్తుత్తి నంబరు ఇచ్చి, వాడి పనులన్నీ తన పేరు మీద చేసిపెట్టేది. మీ పిల్లలు ఇవాళ వర్చువల్‌బాక్స్ తెరిచి చూస్తే చాలాసార్లు అదే 10.0.2.15 కనిపిస్తుంది. ఆ పాత ప్రోగ్రాం వారసత్వమే అది.

1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు ఇంటర్నెట్ సేవలు ఇచ్చే అనుమతి వచ్చింది. హైదరాబాదులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించిందీ ఆ నెలలోనే. పేపర్లన్నీ ఆ గుండ్రటి భవనం బొమ్మలే. మాకు మాత్రం వీటితో పెద్ద సంబంధం లేదు. నేను అప్పుడు హైదరాబాదులో విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఒక కంపెనీలో పని చేస్తున్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం. జిల్లాల్లో పన్నెండు డిపోలు. ప్రతి డిపోలో విండోస్ 95 ఉన్న ఒక కంప్యూటరు, ఒక మోడెమ్. రాత్రి ఎస్టీడీ ధర తగ్గే వేళకు డిపో గుమాస్తా నేరుగా మా హెడ్డాఫీసు సర్వర్‌కు ఫోన్ కలిపి, ఆ రోజు అమ్మకాల ఫైలు, సరుకు నిల్వ ఫైలు పంపాలి. ఇందులో ఇంటర్నెట్ ఎక్కడా లేదు. మా తీగ, మా మోడెమ్‌లు, మా నంబర్లు. ఎక్స్ఛేంజి వాళ్ళ చేత హంటింగ్ పెట్టించాం. అంటే అందరూ ఒకే నంబరుకు చేస్తారు, మొదటి లైను ఖాళీ లేకపోతే కాల్ రెండోదానికి, తర్వాత మూడోదానికి పోతుంది.

1998 జూన్‌లో నేనే దాన్ని అమర్చాను. అప్పుడు నాలుగు మోడెమ్‌లు. పన్నెండు డిపోలు ఒకేసారి మీద పడితే ఎనిమిదింటికి ఎంగేజ్ టోన్ వచ్చేది. అందరూ గొణిగేవాళ్ళు, మళ్ళీ కొట్టేవాళ్ళు, తొమ్మిదిన్నరకల్లా పని అయిపోయేది. 1999 అక్టోబరులో, పత్తి కొనుగోళ్ళ కాలం మొదలవుతుండగా, ఇంకో నాలుగు మోడెమ్‌లు, నాలుగు లైన్లు తగిలించాను. మేనేజరు భుజం తట్టాడు.

సరిగ్గా అక్కణ్ణుంచే ఆదిలాబాద్ జిల్లా డిపో ఫైళ్ళు రావడం మానేశాయి.

ఆ డిపో గుమాస్తా మన బడివాడే. నాకంటే రెండేళ్ళు చిన్న, 1985 బ్యాచ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి తెలిసి నన్ను "అన్నా" అనడం మొదలుపెట్టాడు. అక్టోబరు చివరి వారంలో ఒక ఉదయం ఫోన్ చేశాడు.

"అన్నా, నంబర్ కలుస్తున్నది. పాస్‌వర్డ్ గూడ తీసుకుంటున్నది. గంతల్నే కట్టయితున్నది."

"తెర మీద ఏం వస్తోంది?"

అతను ఇంగ్లీషు వాక్యాన్ని అక్షరం అక్షరం చదివి వినిపించాడు. సర్వర్‌తో పొసిగే ప్రోటోకాల్ కుదరలేదు, మీ కంట్రోల్ ప్యానెల్లో నెట్‌వర్క్ అమరిక సరిచూసుకుని మళ్ళీ ప్రయత్నించండి అని దాని సారం. మీ అమరిక సరిచూసుకోండి అని కంప్యూటరే చెబుతుంటే నేను ఇంకెక్కడ చూస్తాను? అతని వైపే చూశాను. టీసీపీ/ఐపీకి టిక్ ఉందా? ఉంది. నంబరు సర్వర్ ఇస్తుంది అన్న చోట చుక్క ఉందా? ఉంది. మధ్యాహ్నం నన్ను అడిగి ఒకసారి కలిపి చూశాడు, వెంటనే కలిసింది. నేను పక్క ఆఫీసు ఫోన్ నుంచి కలిపి చూశాను, కలిసింది. రాత్రికి మళ్ళీ అదే గొడవ. ఆర్టీసీ పార్సిల్లో విండోస్ సీడీ పంపి, డయలప్ భాగమంతా తీసేసి మళ్ళీ వేయించాను. మార్పు లేదు. మోడెమ్ మార్చాను. మార్పు లేదు.

నవంబరులో ఒకరోజు అతను ఇంకో మాట చెప్పాడు. "రాత్రి పదకొండు దాటినంక జేస్తె మాత్రం ఒక్కసారికే కలుస్తున్నదన్నా."

ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే. రోగం ఏమిటో అతనే చెప్పేశాడు. నేను వినలేదు. పైగా, రాత్రి పదకొండింటికి ఇతనికి డిపోలో ఏం పని అనుకున్నాను.

మన లెక్కల మాస్టారు జ్యామితిలో ముందు దత్తాంశం రాయనిదే సారాంశం రాయనిచ్చేవారు కాదు. దత్తాంశం వదిలేసి ఉపపత్తిలోకి దూకితే స్కేలుతో వేళ్ళ మీద పడేది. నేను ఆ పనే చేశాను. సారాంశం ముందే రాసిపెట్టుకున్నాను: మిగతా డిపోలు కలుస్తున్నాయి కాబట్టి సర్వర్ బాగుంది, సర్వర్ బాగుంది కాబట్టి తప్పు డిపోది.

ఈలోగా ఆ డిపో ఫోన్ బిల్లు వచ్చింది. మామూలుకు మూడింతలు. ఫైళ్ళేమో సరిగా రావడం లేదు. సరుకు లెక్క దాస్తున్నాడా, ఫోన్ సొంతానికి వాడుకుంటున్నాడా అని అకౌంట్సు వాళ్ళకు అనుమానం. ఆడిటర్‌ను పంపారు. సరుకు అణా పైసలతో సహా సరిపోయింది. బిల్లుకు మాత్రం జవాబు లేదు. సాంకేతికంగా మీరేమంటారు అని నన్ను లిఖితపూర్వకంగా అడిగారు. ఒక పేజీ రాసిచ్చాను. సర్వర్‌లో ఏ లోపమూ లేదు, 11 డిపోలు రోజూ కలుస్తున్నాయి, లోపం డిపో నిర్వహణలోనే ఉంది, ఇదీ అందులో ఉన్నది. ఆ కాగితం ఆధారంగా 1,100 రూపాయలు అతని జీతంలో కోసేశారు. 2000 జనవరిలో, వైటుకే భయాలన్నీ ఉత్తవేనని అందరూ నవ్వుకుంటున్న వారంలో, అతను రాజీనామా పంపాడు. నాకు ఫోన్ చేయలేదు. ఆ డిపో లెక్కలు కొరియర్లో రావడం మొదలైంది.

మార్చి 31 రాత్రి. సంవత్సరాంతం లెక్కలు, డిపోలన్నీ పెద్ద పెద్ద ఫైళ్ళతో మీద పడ్డాయి. ఆ రాత్రి ఒక్క ఫైలూ తప్పకూడదని నేను సర్వర్ గదిలోనే కూర్చున్నాను. అదివరకు ఆ వేళప్పుడు నేనెప్పుడూ ఆ గదిలో లేను. రాత్రి పని డిపోలది, నాది పగటి పని. బల్ల మీద ఎనిమిది మోడెమ్‌లు. ఐదోదాని దీపాలు వెలిగాయి, కాసేపు మిణుకుమన్నాయి, ఆరిపోయాయి. ఆరోది వెలిగింది, ఆరింది. మళ్ళీ ఐదోది. తెర మీద ఎవరెవరు కలిసి ఉన్నారో చూపే జాబితా తెరిచాను. నలుగురు. కాసేపాగి చూశాను. నలుగురు. ఒకరు పోయారు, ముగ్గురు. వెంటనే ఇంకొకరు వచ్చారు, నలుగురు. ఎనిమిది మోడెమ్‌లు పని చేస్తున్నాయి, ఎప్పుడు చూసినా నలుగురే.

పీపీపీ మాటలన్నీ ఫైల్లో రాసుకునే వీలు ఎన్‌టీలో ఉంది. రిజిస్ట్రీలో ఒక సున్నాను ఒకటి చేయాలి. చేసి చూశాను. కలిసినవాళ్ళ విషయంలో తీగ మాటలు, పాస్‌వర్డ్ మాటలు, తర్వాత 8021 అన్న అంకెలతో నంబరు బేరం, ఒప్పందం. ఐదోవాడి దగ్గర పాస్‌వర్డ్ దాకా అంతా సవ్యమే. 8021 వచ్చిన చోట మాట ఆగిపోయింది. నంబరు అడిగాడు, ఇవ్వడానికి సర్వర్ దగ్గర నంబరు లేదు.

నెట్‌వర్క్ అమరిక తెరిచి, రాస్ లోపలికి, అక్కణ్ణుంచి టీసీపీ/ఐపీ లోపలికి వెళ్ళాను. మొదటి నంబరు 192.168.1.201. చివరి నంబరు 192.168.1.205. ఐదు నంబర్లు. అందులో ఒకటి సర్వరే తీసుకుంటుంది. మిగిలినవి నాలుగు. 1998 జూన్‌లో నాలుగు మోడెమ్‌లు ఉన్నప్పుడు నా చేత్తో నేను కొట్టిన నంబర్లు అవి. పదహారు నెలల తర్వాత బంతికి ఎనిమిది మంది కూర్చునేలా బల్లలు వేశాను, పళ్ళేలు నాలుగే ఉంచాను.

205ను 209 చేశాను. ఒక్క అంకె. సర్వీసు ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. పది నిమిషాల్లో జాబితా ఎనిమిదికి చేరింది.

ఆ రాత్రి ఇంటికి పోకుండా అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ అర్థం చేసుకున్నాను. ఆదిలాబాదే ఎందుకు బలైంది? మిగతా డిపోలకూ ఆ తిరస్కారం వస్తూనే ఉంది. దగ్గరి ఊళ్ళవాళ్ళు రెండో మూడో సారి కొట్టి దూరిపోయేవాళ్ళు. ఆదిలాబాద్ లైను నెమ్మది. మోడెమ్‌ల కీచులాట ముగిసి, పాస్‌వర్డ్ దాటి, అతను నంబరు అడిగే సమయానికి ఖాళీ అయిన నంబరు ఇంకొకరు తీసుకునేవారు. పదకొండుకు ఎవరూ ఉండరు కాబట్టి ఒక్కసారికే కలిసేది. మధ్యాహ్నమూ అంతే. మరి బిల్లు? నాలుగు మోడెమ్‌ల రోజుల్లో ఐదోవాడికి వచ్చేది ఎంగేజ్ టోన్. ఎంగేజ్ టోన్‌కు బిల్లు పడదు. నేను మోడెమ్‌లు పెంచాక ఐదోవాడి ఫోన్‌ను కూడా మా మోడెమ్ ఎత్తేది, ఎత్తి, పాస్‌వర్డ్ అడిగి, పడేసేది. ఎత్తిన ప్రతి ఫోన్‌కూ బిల్లు. ఎస్టీడీలో దూరాన్ని బట్టి ధర. మా డిపోలన్నిటిలో అతనిదే దూరం. అంటే నేను చేసిన ఆ మెరుగుదలే అతని బిల్లు పెంచింది. నాకు భుజం తట్టిన పని అతని జీతం కోయించింది.

మర్నాడు మేనేజరుకు చెప్పాను. "ఇప్పుడు బాగైంది కదా, పాత కాగితాలు తవ్వడం ఎందుకు" అన్నాడు. నేనూ తవ్వలేదు. ఆ మాట ఆయన అనకపోయినా నేను తవ్వేవాణ్ణో లేదో గట్టిగా చెప్పలేను. నా పేజీ ఆ ఫైల్లోనే ఉండిపోయింది.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పేస్తాను, అది మీకు తెలిసిందే. పెద్ద పెద్ద ఇంటర్నెట్ కంపెనీల్లో వేల మోడెమ్‌లకు నంబర్లు పంచే పని రేడియస్ సర్వర్లు తీసుకున్నాయి. ఫలానావాడికి ఫలానా నంబరు అని అది చెప్పగలదు. 255.255.255.254 అని చెబితే మాత్రం, ఫోన్ ఎత్తిన యంత్రమే తన దొంతరలోంచి ఏదో ఒకటి ఇచ్చుకోవాలని అర్థం. 2000 అక్టోబరులో బీఎస్‌ఎన్‌ఎల్ ఏర్పడింది, సంచార్‌నెట్ కార్డులు ఊళ్ళూళ్ళకూ వచ్చాయి, తర్వాత బ్రాడ్‌బ్యాండ్. మోడెమ్ కీచులాట వినపడకుండా పోయింది కానీ పీపీపీ పోలేదు. బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నప్పుడు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టారు చూడండి, చాలాచోట్ల అది పీపీపీఓఈ. లోపల అదే బేరం: నాకు 0.0.0.0, కాదు నువ్వు ఇది అను, సరే. ఇక సముద్రమంత అనుకున్న ఆ 429 కోట్ల నంబర్లు ఉన్నాయే, వాటి కేంద్ర ఖజానాలో చివరి కట్టలు 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. మొత్తం ప్రపంచానికే పళ్ళేలు అయిపోయాయన్నమాట. ఇప్పుడు ఒక్కో నంబరును అనేక ఇళ్ళు పంచుకుంటున్నాయి. కొత్త పద్ధతి నంబర్లు పక్కనే నడుస్తున్నాయి.

2009 సంక్రాంతికి మన బడి ఆవరణలో జరిగిన కలయికలో అతను కనిపించాడు. మంచిర్యాలలో కొన్నాళ్ళు ఇంటర్నెట్ సెంటర్ నడిపి, తర్వాత మొబైల్ దుకాణం పెట్టుకున్నాడట. పాతికమందికి పులిహోర వడ్డిస్తున్నాడు. నన్ను చూసి "అన్నా" అన్నాడు, పాత మాదిరిగానే. భోజనాలయ్యాక వేపచెట్టు కిందికి తీసుకెళ్ళి అంతా చెప్పాను. 205, 209, ఎంగేజ్ టోన్, నా పేజీ. మధ్యలో ఒక్క మాట అడ్డం చెప్పలేదు. విన్నాక కాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "నేను దొంగనని మా బాపు గూడ అనుకున్నడన్నా. ఆయన 2004ల పోయిండు" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇవాళ్టికీ లేదు.

ఓ పది రోజులకు పోస్టులో ఒక పొడుగాటి నోటుబుక్ వచ్చింది. 1999 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రతి రాత్రీ ఎన్ని గంటలకు ఎన్నిసార్లు కొట్టాడో, ఏం వచ్చిందో గళ్ళు గీసి రాసుకున్నాడు. ఇంటూలు, టిక్కులు. ఎనిమిదిన్నర, తొమ్మిది గళ్ళ నిండా ఇంటూలు. పదకొండు గడిలో టిక్కులు. ఆడిటర్‌కు చూపించాడట, ఆయన పక్కన పెట్టేశాడట. నేను అడిగి ఉంటే నాకూ చూపించేవాడు. ఆ నోటుబుక్ ఒక్క పేజీ చూసినా ఆ వారమే నంబర్లు సరిచేసి ఉండేవాణ్ణి.

ఈ వ్యాసం అచ్చుకిచ్చే ముందు అతనికి ఫోన్లో చదివి వినిపించాను. రెండు చోట్ల దిద్దాడు: డిపోలో మోడెమ్ రెండుసార్లు కాదు, ఒక్కసారే మార్చానట, సరిచేశాను. పులిహోర వడ్డించింది పాతికమందికి కాదు, వందమందికి పైనే అట. అది మాత్రం అలాగే ఉంచాను, మాకు వడ్డించిన బంతి అంతే కదా అని. పేరు వేయొద్దన్నాడు. ఆ 1,100 రూపాయలు వడ్డీతో ఇస్తానంటే ఈసారీ తీసుకోలేదు, సంఘం నిధికి రాయమన్నాడు. రసీదు మీద పేరు ఉండాలి కదా, నీ పేరు మీదే రాయిస్తున్నాను అన్నాను.

"రాయించన్నా, గది ఎవరు జూస్తరు" అన్నాడు.